మంద్రం వినిపించని వీణ: విజయనగరంలో ఒక ఇంటి రికార్డింగు కేస్ స్టడీ

సిరిమానోత్సవం ముగిసిన వారంలో ఒక ఫోను వచ్చింది. మాట్లాడినది ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు. "మా అమ్మమ్మ వీణ రికార్డు చేస్తున్నామండీ. కంప్యూటర్‌లో వింటే రేకు డబ్బా మీటినట్టు ఉంటోంది. వీణ పాడైందేమోనని బొబ్బిలి పంపించాలనుకుంటున్నారు. పంపించే ముందు మీరొకసారి వచ్చి చూస్తారా?" అని అడిగాడు.

నేను విజయనగరంలో చిన్న రికార్డింగు గది నడుపుతాను. హరికథ, భజన బృందాలు, నాదస్వరం, అప్పుడప్పుడు జముకుల కథ రికార్డు చేస్తాను. ఇళ్లకు వెళ్లి పరికరాలు కూర్చి ఇచ్చే పని కూడా ఉంది. ఆ పనిలో నాకు ఎదురయ్యే తప్పుల్లో చాలా వరకు వాద్యంలోనో, వాయించే మనిషిలోనో ఉండవు. కేబుల్ ఏ రంధ్రంలోకి వెళుతోందన్న దగ్గర ఉంటాయి. ఈ కేసు దానికి నేను చూసిన అతి స్పష్టమైన ఉదాహరణ కనుక వివరంగా రాస్తున్నాను.

ఇల్లు అయ్యకోనేరు గట్టుకు దగ్గరలో ఉన్న పాత పెంకుటిల్లు. ఆ కుర్రవాడి అమ్మమ్మ, మా అందరికీ టీచరుగారు. ఆమెకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు వీణ నేర్పారు. ఆమె వాయించేది బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించిన ఏకాండి వీణ. కుండ (నాదం మోగే గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) అన్నీ ఒకే పనస మానులోంచి తొలిచినది. ఆలాపన, తానం రాగానికొకటి చొప్పున రికార్డు చేసి శిష్యులకు ఇవ్వాలన్నది ఆమె కోరిక. 1919లో సంగీత కళాశాల మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులై, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు ఇది. వీణ వెంకటరమణదాసు గారు ఆస్థానంలో వాయించిన ఊరు. ఇక్కడి వీణ చప్పుడు రేకు డబ్బాలా నిలిచిపోతే దాన్ని చిన్న సాంకేతిక లోపంగా తీసుకోవడం నా వల్ల కాలేదు.

నేను వెళ్లేసరికి ఉన్న అమరిక

నాలుగు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుల ధ్వనిని కంప్యూటర్‌కు అందించే యంత్రం. ముందు వైపు రెండు రంధ్రాలు. వాటిలో మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను పెట్టవచ్చు, లావు జాక్ కూడా పెట్టవచ్చు. వెనక వైపు రెండూ లైన్ ఇన్‌పుట్‌లు, జాక్‌లకు మాత్రమే. వీణ కుండ మీద గుర్రానికి (తీగలు ఆనే వంతెనకు) దగ్గరగా ఒక కాంటాక్ట్ మైకు అతికించి ఉంది. లోపల ఉండేది నాణెమంత పీజో బిళ్ల, పలక కంపిస్తే విద్యుత్తు పుట్టిస్తుంది. దాని జాక్‌కు ఒక మార్పిడి పిన్ను తగిలించి, మొదటి ఇన్‌పుట్‌లో మైకు పిన్నుగా గుచ్చారు. రెండో ఇన్‌పుట్‌లో కండెన్సర్ మైకు ఉంది. రాగం గురించి చెబుతూ టీచరుగారు మధ్యమధ్య పాడి చూపిస్తారు, ఆ మైకు అందుకోసం. మృదంగానికి రెండు డైనమిక్ మైకులు వెనక ఇన్‌పుట్‌లలో ఉన్నాయి. లాప్‌టాప్ చార్జరుకు తగిలించి ఉంది.

టీచరుగారు కల్యాణి మొదలుపెట్టారు. గదిలో కూర్చుని వింటే ఆ వీణకు ఏ జబ్బూ లేదు. మంద్రం (కింది స్థాయి తీగ) మీద వేలు ఆగితే చాప కింద నేల పలికింది. అదే క్షణంలో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మీటు చప్పుడు, గోరు గీత, తాళం తీగల కీచు మాత్రమే వచ్చాయి. పై స్థాయిలో గమకం ఎలాగో తెలుస్తోంది, కింద ఖాళీ. ఆమె వాయించడం ఆపి ఒక మాట అన్నారు: "మంద్రంలో ఉన్నానని నా వేలికి తెలుస్తోంది బాబూ, చెవికి తెలియడం లేదు."

ఇంతకన్నా కచ్చితమైన ఫిర్యాదు నాకు ఎవరూ ఇవ్వలేదు.

మనవడు అప్పటికే ఈక్వలైజర్‌లో కింది స్వరాలను 15 డెసిబెల్స్ పెంచి చూశాడు. దానితో తీగ నాదం రాలేదు కానీ, వీణ మీద చెయ్యి ఆనిన ప్రతిసారీ ధబ్‌మని మోత వచ్చింది. లేని దాన్ని ఎంత పెంచినా రాదు, ఉన్న చెత్తే పెరుగుతుంది.

వీణను ముందుగా వదిలేశాం

కండెన్సర్ మైకును వీణ కుండకు ఎదురుగా తిప్పి ఒక నిమిషం రికార్డు చేశాను. మంద్రం నిండుగా వచ్చింది. అంటే వీణ బాగుంది, ఇంటర్‌ఫేస్ బాగుంది, కంప్యూటర్ బాగుంది. మెట్లు కదిలించి కొత్త మైనం పోయించే అవసరం లేదని అప్పుడే చెప్పేశాను. మేళం, అంటే మైనం మీద నిలిపిన మెట్ల వరుస, కొత్తగా కట్టించడమంటే ఆ వీణను వారాల తరబడి వదులుకోవడం. పాత చేతికి అలవాటైన మెట్ల ఎత్తు మళ్లీ అచ్చం అలాగే వస్తుందని హామీ లేదు. ఒక తప్పుడు పిన్ను కోసం అంత దూరం వెళ్లేవారు.

మిగిలింది పీజో బిళ్లకు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య సంబంధం. బిళ్లను మీటరుతో కొలిచాను. కెపాసిటెన్సు దాదాపు 20 నానోఫారడ్లు ఉంది. ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన పుస్తకంలో చూస్తే మైకు ఇన్‌పుట్ నిరోధం 3 కిలో ఓమ్‌లు, లైన్ ఇన్‌పుట్‌ది 10 కిలో ఓమ్‌లు, వాద్యం ఇన్‌పుట్‌ది 1 మెగా ఓమ్. కారణం మొత్తం ఈ నాలుగు అంకెల్లో ఉంది.

పీజో బిళ్ల మామూలు మైకులా పనిచేయదు. వంగినప్పుడల్లా కాస్త విద్యుదావేశం పుట్టిస్తుంది. అది నిలిస్తేనే వోల్టేజీగా కొలవగలం. అడుగున చిల్లున్న కుండను తలుచుకోండి. చెంబుతో గబగబా పోస్తే కాసేపైనా నీటి మట్టం కనిపిస్తుంది. సన్నని ధారగా పోస్తే ఎంతసేపు పోసినా అడుగు తడి తప్ప ఏమీ నిలవదు. ఇన్‌పుట్ నిరోధం తక్కువగా ఉండడమంటే చిల్లు పెద్దదవడం. వేగంగా కంపించే పై స్వరాలు చెంబుతో పోసిన నీళ్లలా కొలతకు అందుతాయి. నెమ్మదిగా కంపించే మంద్రం సన్నధారలా కారిపోతుంది.

లెక్క కట్టడం కష్టం కాదు. 1ని, 2π (π అంటే సుమారు 3.14), నిరోధం, కెపాసిటెన్సు మూడింటి గుణకారంతో భాగిస్తే ఒక పౌనఃపున్యం వస్తుంది. దాని దిగువన స్థాయి పడిపోతూ ఉంటుంది, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ వోల్టేజీ కూడా సగమవుతుంది. 3 కిలో ఓమ్‌ల మైకు ఇన్‌పుట్‌కు ఆ హద్దు సుమారు 2,650 హెర్ట్జ్. టీచరుగారి వీణ మూడు శ్రుతిలో ఉంది. ట్యూనరులో సారణి 165, మంద్రం 82, అనుమంద్రం 62 హెర్ట్జ్ చూపించాయి. అంటే నాలుగు వాయించే తీగల మూల స్వరాలన్నీ ఆ హద్దుకు చాలా దిగువన ఉన్నాయి. మంద్రం తీగ మూల స్వరం ముప్పై రెండో వంతుకు పడిపోయింది, డెసిబెల్స్‌లో 30. కుర్రవాడు 15 పెంచి ఎందుకు ఓడిపోయాడో ఇక్కడ తెలుస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నేను సగం రోజు పోగొట్టాను. దాన్ని దాచకుండా రాయడం న్యాయం. ముందు వైపు జాక్‌ను వాద్యానికి మార్చే మీట యంత్రం మీద ఎక్కడా కనిపించలేదు. మార్పిడి పిన్ను తీసేసి వెనక లైన్ ఇన్‌పుట్‌లో జాక్ పెట్టాను. ధ్వని వెంటనే బాగుపడింది. హద్దు 2,650 నుంచి సుమారు 800 హెర్ట్జ్‌కు దిగింది కదా, మధ్య స్థాయి తిరిగి వచ్చింది. నేను సంతృప్తి పడ్డాను. గెయిన్ సరిచేస్తూ, మైకులు జరుపుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

టీచరుగారు తానం కొంచెం వాయించి విన్నారు. "సగం వచ్చింది" అన్నారు.

ఆ మాట వినగానే లెక్క మళ్లీ వేశాను. 82 హెర్ట్జ్ దగ్గర ఇంకా పదో వంతే వస్తోంది. మెరుగైందన్న ఆనందంలో సరైందా అని అడగడం మానేశాను. ఇంటర్‌ఫేస్ నియంత్రణ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్కొక్క పేజీ చూస్తే, మొదటి ఇన్‌పుట్‌ను లైన్ నుంచి వాద్యానికి మార్చే ఎంపిక అక్కడ ఉంది. ఇప్పటి కొన్ని యంత్రాల్లో ఆ మీట లోహం మీద ఉండదు, తెర మీద ఉంటుంది. జాక్ ముందు వైపు పెట్టి, ఎంపిక మార్చి, హెడ్‌ఫోన్ ఆమెకు ఇచ్చాను. 1 మెగా ఓమ్ దగ్గర హద్దు 8 హెర్ట్జ్. వీణలో ఏ తీగా అంత కిందికి వెళ్లదు.

ఆమె అనుమంద్రం ఒక్కసారి మీటి, అది పూర్తిగా ఆగేదాకా కళ్లు మూసుకుని విన్నారు. ఇంకోసారి మీటారు. ఏమీ అనలేదు. తర్వాత గుంయ్‌మని మోత వస్తోందని చెప్పారు.

మంద్రంతో పాటు బయటపడిన మోత

ఆ మోత కొత్తగా పుట్టలేదు. కరెంటు 50 హెర్ట్జ్ మోత, దాని రెట్టింపులు అప్పటికే తీగల చుట్టూ ఉన్నాయి. మైకు ఇన్‌పుట్ చిల్లులోంచి మంద్రంతో పాటు అవీ కారిపోయేవి. వాద్యం ఇన్‌పుట్ దేన్నీ వదలదు, అందుకే అన్నీ వినిపించాయి.

చార్జరు తీసేస్తే చిరచిర చాలా తగ్గింది. జాక్ లోహం మీద వేలు పెడితే ఇంకా తగ్గింది. ఈ రెండు గుర్తులూ కలిసి కనిపిస్తే నేను మొదట గోడ వైపు చూస్తాను. చార్జరు పిన్నులు మూడు. గోడ మీద ప్లగ్గుకూ మూడు రంధ్రాలున్నాయి. కానీ పై రంధ్రం వెనక తీగే లేదు. మీటరు పెడితే ఫేజుకు, ఆ మూడో రంధ్రానికి మధ్య అంకె నిలకడగా లేదు, 60కి 100కి మధ్య ఊగింది. అక్కడ 230కి దగ్గరగా రావాలి. లాప్‌టాప్ లోహం మీద చెయ్యి వేస్తే చిమచిమలాడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, అలవాటు పడిపోయారు.

దీని గురించి గట్టిగా చెప్పాలి. మోత పోవడానికి మూడో పిన్ను విరిచేయమనే సలహా మన ఊళ్లలో చాలా మంది ఇస్తారు. సభల్లో కూడా విన్నాను. దయచేసి ఎప్పుడూ ఆ పని చేయకండి. ఎర్తు తీగ ఉన్నది రికార్డింగు శుభ్రంగా రావడానికి కాదు, ఏ పరికరంలోనైనా ఫేజు లోహానికి తగిలితే మనిషి బతకడానికి. ఒళ్లో వీణ, చెవికి హెడ్‌ఫోన్, మోకాలి దగ్గర కేబుల్‌తో కూర్చున్న పెద్దావిడ ఉన్న గదిలో ఎర్తు లేకపోవడం నాకు సంగీతానికి సంబంధించిన విషయంగా కనిపించలేదు. ఆ రోజు రికార్డింగు ఆపేశాను.

రెండు రోజుల్లో ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తీశాడు. పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి, అక్కడి నుంచి తీగను గదిలోకి లాగాడు. ఈసారి మీటరు 230కి దగ్గరగా నిలిచింది. చార్జరు తగిలించి ఉన్నా చిరచిర లేదు.

కొంచెం మోత ఇంకా మిగిలింది. అది పీజో బిళ్లది. చవక బిళ్లకు వెనక కవచం ఉండదు, గదిలోని ప్రతి తీగకూ అది యాంటెన్నా. బిళ్ల మీద పలుచని ప్లాస్టిక్ పొర వేసి, దాని మీద రాగి టేపు చుట్టి, ఆ టేపును కేబుల్ బయటి అల్లిక తీగకు టంకం పెట్టాను. పొర వేయకపోతే రాగి బిళ్ల రెండు వైపులనూ కలిపేస్తుంది, అసలు ధ్వనే రాదు. ఆ తర్వాత ఫ్యాను ఆపి వింటే, వీణ ఆగినప్పుడు వినిపించినది బయట సైకిల్ బెల్లు.

48 వోల్టులు, మృదంగం

కండెన్సర్ మైకుకు ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్ గుండానే వెళ్లే కరెంటు, కావాలి. ఈ ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల మీట రెండు ముందు ఇన్‌పుట్‌లకూ ఉమ్మడిది. కండెన్సర్ కోసం మీట వేసిన ప్రతిసారీ, మైకు పిన్నుగా గుచ్చిన పీజో బిళ్లకూ ఆ వోల్టేజీ చేరింది. రికార్డింగు మొదట్లో ధడేల్‌మన్న చప్పుడు అదే. మంచి డైనమిక్ మైకు, సరైన మూడు తీగల కేబుల్ ఉంటే ఫాంటమ్ పవర్‌తో భయం లేదు. జాక్‌ను మైకు పిన్నుగా మార్చే పిన్నులతోనే ప్రమాదం. జాక్‌ను జాక్‌గానే గుచ్చితే ఈ యంత్రంలో ఆ వోల్టేజీ దాని దాకా రాదు.

మృదంగం కథ దీనికి తిరగబడినది. డైనమిక్ మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. లైన్ ఇన్‌పుట్ ఒక వోల్టు స్థాయి సంకేతం కోసం ఎదురుచూస్తుంది. వందల రెట్ల తేడా. అందుకే మృదంగం ఎక్కడో వీధి చివర మోగినట్టు వచ్చింది, పెంచితే ఇసుక రాలినట్టు చప్పుడు. ఇంట్లో పాత చిన్న మిక్సర్ ఉంది. వలంతరికి (కుడి వైపుకు) ఒక మైకు, తొప్పికి (ఎడమ వైపుకు) ఒక మైకు మిక్సర్‌లో పెట్టి, అక్కడ పెంచి, మిక్సర్ నుంచి వెనక లైన్ ఇన్‌పుట్‌లకు పంపాం. మిక్సర్‌ను వేరే గోడ ప్లగ్గులో పెట్టినప్పుడు సన్నగా మోత తిరిగి వచ్చింది. అన్నిటినీ ఒకే బోర్డుకు మార్చి, రెండు తీగల కేబుళ్ల బదులు మూడు తీగల బాలెన్స్‌డ్ కేబుళ్లు వేస్తే పోయింది. స్థాయి విషయంలో నా పద్ధతి ఒకటే. గట్టిగా చాపు వేయమని అడిగి, ఆ దెబ్బ తెర మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెడతాను. 24 బిట్ రికార్డింగులో దిగువన కావలసినంత చోటు ఉంటుంది, పైకి తోయాల్సిన పని లేదు.

మృదంగం వాయించే ఆయన ఆదివారాలే వస్తారు. ముందే రికార్డయిన వీణను వింటూ వాయిస్తారు. తన దెబ్బ తనకే ఆలస్యంగా తిరిగి వినిపిస్తోందని చెప్పారు. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసుకునే ధ్వని ముక్క, 1,024 నమూనాల దగ్గర ఉంది, 48 కిలోహెర్ట్జ్‌లో అది ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు, రానూపోనూ 40 దాటుతుంది. ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా వినే ఏర్పాటు పెట్టి, కంప్యూటర్ గుండా తిరిగి వచ్చే దారి మూసేశాను. మరుక్షణం ఆయన భుజాలు సడలాయి.

శ్రుతి పెరిగిన కల్యాణి

ఒక సాయంత్రం మనవడు పాత కల్యాణిని కొత్త ప్రాజెక్టులోకి తెచ్చి వినిపించాడు. టీచరుగారు వంటింట్లో ఉన్నారు. రెండు క్షణాల్లో గుమ్మంలోకి వచ్చి, "అది నా శ్రుతి కాదు" అన్నారు. తంబురా కూడా వీణతో పాటే పెరిగింది కనుక అపశ్రుతి లేదు. తేడా తెలిసేందుకు పక్కన వేరే ఆధారం కూడా లేదు. అయినా ఆమెకు తెలిసింది.

పాత రికార్డింగు సెకనుకు 44,100 నమూనాలది. కొత్త ప్రాజెక్టు 48,000. మార్చకుండా నేరుగా దింపితే ధ్వని ఆ నిష్పత్తిలో వేగంగా నడుస్తుంది, సుమారు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి వెళుతుంది. మూడు శ్రుతి వీణ నాలుగు దాటి నాలుగున్నర వైపు జరిగింది. పది నిమిషాల ఆలాపన తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లకు కుదించుకుపోయింది. దింపేటప్పుడు మార్పిడి చేయమని ఎంపిక పెట్టి, ఇకపై అన్నీ 48,000లోనే అని నిర్ణయించాం.

రెండు చెవులు కలిసినప్పుడు

పీజో ఒక్కటే చాలదని మొదటి నుంచీ నా అభిప్రాయం. అది పలకను వింటుంది, గాలిని వినదు. వీణ అందంలో సగం గాలిలో ఉంటుంది. కండెన్సర్‌ను కుండకు 34 సెంటీమీటర్ల దూరంలో పెట్టి రెండూ కలిపితే, విడివిడిగా నిండుగా ఉన్నవి కలిసి డొల్లగా వినిపించాయి. ధ్వని గాలిలో 34 సెంటీమీటర్లు రావడానికి మిల్లీసెకను పడుతుంది. పీజో అప్పటికే చెప్పేసిన మాటను మైకు మిల్లీసెకను ఆలస్యంగా చెబుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి లేచే వేళ ఇంకొకటి కిందికి దిగుతుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. 1,500 దగ్గర మళ్లీ అదే. పీజో ట్రాకును 48 నమూనాలు, అంటే మిల్లీసెకను, ఆలస్యం చేస్తే రెండూ ఒక చోట కలిశాయి. ఇప్పుడు మైకుది పెద్ద పాలు, పీజోది చిన్న పాలు, మంద్రం గట్టిగా నిలవడానికి సరిపోయేంత.

బిళ్ల చోటు మీద ఇంకా పని జరుగుతోంది. మెట్లకు వాడే మైనంతోనే అతికించి మూడు చోట్ల చూశాం. గుర్రం పాదానికి ఆనించి పెడితే తాళం తీగలు చురుక్కుమంటున్నాయి. నాలుగు వేళ్ల దూరం జరిపితే మృదువుగా ఉంది కానీ మీటు స్పష్టత కొంత పోతోంది. టీచరుగారికి ఆ రెండిటి మధ్య చోటు నచ్చింది, నాకు ఇంకా కొంచెం దూరం కావాలనిపిస్తోంది. ప్రస్తుతానికి ఆమె చెప్పిన చోటే ఉంది. ఇంటర్‌ఫేస్ మీద తెల్ల టేపు ముక్కలు అతికించి, ఒక్కొక్క రంధ్రం పక్కన వీణ, గొంతు, వలంతరి, తొప్పి అని మనవడు రాశాడు. ఇప్పటికి తొమ్మిది రాగాలయ్యాయి. వచ్చే ఆదివారం తోడి.